ముప్పై ఒకటో సంతకం

నాలుగో వీధి, 9వ నంబరు ఇల్లు
ఫిబ్రవరి 20, 2022, ఆదివారం

చిరంజీవి గావిన్‌ను దీవిస్తూ, నార్మన్ మామయ్య మీ అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మా అమ్మ మాకు నేర్పిన పద్ధతి. ఇంట్లో శవం లేచినా ఉత్తరంలో మొదటి వాక్యం మారకూడదనేది ఆవిడ. ఈసారి ఆ వాక్యం రాయడానికి నా చెయ్యి రావడం లేదు. నేను మాత్రం బాగానే ఉన్నాను. తింటున్నాను, క్లబ్బుకి వెళుతున్నాను, వాన పడబోతోందంటే నా మోకాళ్ళు ముందురోజే చెబుతున్నాయి. నువ్వు ఎండలో టోపీ లేకుండా పని చేస్తున్నానని రాశావు. టోపీ పెట్టుకో. మీ నాన్నకీ ఇదే జబ్బు, చెబితే వినేవాడు కాదు.

నీ ఉత్తరం పదహారు రోజులకి చేరింది. ఇంత చిన్న సంగతికి ఫోను చేస్తే పోదా అని నీకనిపించి ఉంటుంది. రెండుసార్లు చేశాను కదా. రెండుసార్లూ నీ గొంతు వినగానే మీ దగ్గర ఎండలు ఎలా ఉన్నాయని అడిగి పెట్టేశాను. డెబ్భై రెండేళ్ళ ముసలాణ్ణి, గని సంఘానికి పంతొమ్మిదేళ్ళు కార్యదర్శిగా చేసినవాణ్ణి, మైకు దొరికితే వదలనివాణ్ణి, నీతో మాట్లాడ్డానికి నాకు నోరు పెగల్లేదు. రాస్తే ఏమైనా కదులుతుందేమోనని కూర్చున్నాను.

ముందు నువ్వడిగిన చిన్న చిన్నవాటికి జవాబులు చెబుతాను.

పిల్లి పక్కింటి ఐలీన్ దగ్గరుంది. రోజుకోసారి వచ్చి ఈ గుమ్మం ముందు కూర్చుని పోతోంది. మీ నాన్న బాకా మంచం కింద పెట్టెలో దొరికింది. గుడ్డ చుట్టి ఉంది. మీ అమ్మ దాన్ని ఏడాదికోసారైనా తోమినట్టుంది, ఎక్కడా నలుపు లేదు. అది నీకోసం దాచాను.

మీ అమ్మ అంత్యక్రియలకి ఎవరెవరు వచ్చారని అడిగావు. నువ్వు ఫోనులో చూసింది చర్చి లోపల మాత్రమే. కరోనా పేరు చెప్పి మీ రాష్ట్రంవాళ్ళు సరిహద్దులు మూసి నిన్ను కదలనివ్వకపోతే నువ్వేం చేస్తావు, అందుకు నిన్నెవరూ ఏమీ అనుకోలేదు. బయట వీధి వీధంతా వచ్చింది. తొంభై ఏళ్ళ టెడ్ కూడా కర్ర మీద ఆనుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. గని బ్యాండువాళ్ళు నాలుగో వీధి మొదటినుంచి చివరిదాకా వాయించుకుంటూ నడిచారు. వాయించమని అడిగింది నేనే. పదకొండేళ్ళ కిందట మీ నాన్న పోయినప్పుడు వాయించవద్దని చెప్పింది కూడా నేనే. అది నీకు తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ నాకు ఉత్తరాలు రాస్తున్నావు.

సమాధి రాతి మీద ఏం చెక్కించాలో ఆ చెక్కేవాడు వారం వారం అడుగుతున్నాడు. అది నువ్వే చెప్పాలి. ఈ ఉత్తరం మొత్తం చదివాక చెప్పు.

ఇక నువ్వు పంపిన కాగితం సంగతి. కరెంటు కంపెనీ మీద ఫిర్యాదు పెడతానన్నావు, మంచిదే. దాంట్లో సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నావు. మూడో ప్రశ్న దగ్గర నా కలం ఆగిపోయింది. "ఆమె పాత కంపెనీ వదిలి కొత్త కంపెనీకి మారడానికి కారణం ఏమిటి? ఎవరైనా ఒత్తిడి చేశారా?" అని ఉంది. పక్కన నువ్వు పెన్సిలుతో రాశావు. "మామయ్యా, అమ్మ నలభై ఏళ్ళలో టీ పొడి కూడా మార్చలేదు. కరెంటు కంపెనీ మార్చిందంటే ఎవడో అబద్ధాలాడి మార్పించి ఉంటాడు. వాడెవడో నాకు కావాలి."

చెబుతాను. కాస్త ఓపిక పట్టి చదువు.

పోయిన ఏడాది మే నెలలో క్లబ్బులో అందరూ బిల్లులు బల్ల మీద వేసుకుని ఏడుస్తున్నారు. ఇదివరకు కరెంటు ఇచ్చేది ఒక్కడే, తిట్టుకోవాలన్నా ఒక్కణ్ణే తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు నలభై మంది, ఒక్కొక్కడిది ఒక్కో ధర, ఒక్కో మెలిక. అదే తీగలో వచ్చే అదే కరెంటుకి నలభై పేర్లేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరికి వారు బేరం చూసుకోవాలట. టీవీలో ఒక పిల్ల నవ్వుతూ చెబుతుంది, పది నిమిషాల పనేనట. మా వీధిలో సగం మందికి ఆ పది నిమిషాలకి కూర్చోవడానికి కంప్యూటరే లేదు.

నాకు రక్తం పొంగింది. ఎవరికి వారు అంటే మనకి ఎప్పుడు మంచి జరిగింది గనక? బల్ల మీద చరిచి చెప్పాను, మారితే వీధంతా ఒక్కటిగా మారదామని. సంఘంలో ఉన్నప్పుడు జీతానికి ఎలా బేరమాడామో దీనికీ అలాగే ఆడదామన్నాను. చప్పట్లు కొట్టారు. ముప్పై ఏడేళ్ళ తర్వాత నా మాటకి చప్పట్లు పడ్డాయి, నీ దగ్గర దాచడం దేనికి, చాలా బాగుంది.

గ్రంథాలయానికి వెళ్ళి ఆరువారాలు కూర్చున్నాను. రెండు వేళ్ళతో టైపు కొట్టి, కళ్ళజోడు మార్చి, చివరికి ఒకదాన్ని పట్టాను. కొత్త కంపెనీ, చిన్నది, కరెంటూ గ్యాసూ రెండూ ఇస్తుంది. కాగితాల మీద పసుపు పిట్ట బొమ్మ. విషవాయువు ఉంటే ముందే తెలియడానికి గనిలోకి మనవాళ్ళు పంజరంలో పెట్టుకుని దిగేవాళ్ళే, అచ్చం ఆ పిట్ట. ఫోనులో వాళ్ళ మేనేజరుతో గంటసేపు వాదించాను. ఒకే వీధి నుంచి ముప్పై ఇళ్ళు ఒకేసారి వస్తే అందరికీ ఏడాదిపాటు ధర పెరగకుండా కట్టేస్తానన్నాడు. నేను గెలిచాననుకున్నాను. "పిట్ట కింద పడితే పైకి పరుగెత్తాలి, గుర్తుందిగా నార్మన్?" అన్నాడు టెడ్. అందరం పడీపడీ నవ్వాం.

తర్వాత నేనొక అట్ట మీద కాగితం పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. నాలుగో వీధిలో ముప్పై ఒక్క ఇల్లు. ఎవరూ చదవలేదు. నేను చదవమనలేదు. పాతకాలంలో సమ్మె కాగితం మీద ఎలా పెట్టారో ఇప్పుడూ అలాగే పెట్టారు. నార్మన్ తెచ్చాడంటే నార్మన్ చూసే ఉంటాడు, అంతే.

మీ అమ్మ ఒక్కతే పెట్టనంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పిట్ట అక్టోబరులో పడింది. పొద్దున్న గడ్డం గీసుకుంటూ రేడియోలో విన్నాను. ఆ నెలలో అలాంటి చిన్న కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి, మాది వాటిలో ఒకటి. కరెంటు ఆగదు, భయపడకండి, మిమ్మల్ని ఇంకో పెద్ద కంపెనీకి అప్పగిస్తున్నాం అన్నారు. ఆగలేదు కూడా. కానీ నేను కట్టించిన ధర పిట్టతోపాటే పోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు వాళ్ళ ధర వేశారు. వీధిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మీ అమ్మని అడిగాను, ఎలా నెట్టుకొస్తున్నావక్కా అని. "నాకేం రా, ఒక్క ప్రాణం, ఒక్క గది" అంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాణ్ణి కదా, నా కళ్ళతో నేను చూసిందేగా. ఇల్లు వెచ్చగా ఉండేది. కోటు విప్పేసి, బన్నుల్లో పంది మాంసం, బఠాణీ ముద్ద పెట్టుకుని తినేవాళ్ళం. క్లబ్బులో గొప్పలు పోయాను కూడా, మీరంతా ఊరికే వణుకుతున్నారు, మా అక్క ఇంట్లోకి వెళితే నాకు చెమట పడుతుంది అని.

జనవరిలో ఒక గురువారం పొద్దున్న పది దాటినా తెరలు తీయలేదని ఐలీన్ నాకు ఫోను చేసింది. తలుపు నేనే తెరిచాను. మీ అమ్మ ఇప్పుడు నేను కూర్చున్న ఈ కుర్చీలోనే ఉంది. మీ నాన్న గని కోటు వేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని, ఒళ్ళో వేడినీళ్ళ సంచి పట్టుకుని ఉంది. సంచి చల్లబడిపోయింది. కరెంటు ఖర్చు చూపించే చిన్న పెట్టె ఉంటుంది చూడు, గోడ దగ్గర, దాని మీద టీ కెటిలుకి తొడిగే ఉన్ని టోపీ తొడిగి ఉంది. అంకెలు కనబడకుండా అన్నమాట. వచ్చిన డాక్టరు తన కోటు విప్పలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము అని రాశాడు. బాధపడిందా అని అడిగావు. లేదని రాయాలని ఉంది. నాకు తెలియదు నాయనా.

అయినా నాకు అర్థం కాలేదు. ఆదివారం చెమట పట్టిన ఇల్లు గురువారానికి అలా ఎలా అయిందో, ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు చెడిపోయిందేమో అనుకున్నాను.

అంత్యక్రియలైన తర్వాతి ఆదివారం, సామాన్లు సర్దుదామని వచ్చాను. పొద్దున్న పదకొండు. కోటు తియ్యలేదు, చేతి తొడుగులు తియ్యలేదు. ఊపిరి వదిలితే పొగ వస్తోంది. ఇక్కడే కూర్చుని ఆమె కాగితాలు చూసుకుంటున్నాను. సరిగ్గా రెండింటికి

ఇదిగో, ఇప్పుడే. రాస్తుండగానే గోడ మీద టక్కుమంది. బాయిలరు దానంతటదే వెలిగింది. నేనేమీ నొక్కలేదు.

ఆరోజూ ఇలాగే వెలిగింది. గొట్టాలు చిటపటలాడాయి, అరగంటకి ఇల్లు వెచ్చబడింది. నేను లేచి వెళ్ళి, బాయిలరు ఏ రోజు ఎప్పుడు వెలగాలో పెట్టుకునే ఆ గుండ్రటి గడియారం మూత తీసి చూశాను. సోమవారం లేదు. మంగళవారం లేదు. ఏ రోజూ లేదు. ఆదివారం ఒక్కటే ఉంది, రెండు నుంచి ఐదు దాకా. నేను మూడింటికి వచ్చి ఐదింటికి వెళ్ళిపోతాను.

ఆ కాగితాల్లోనే పాత కంపెనీ రాసిన ఉత్తరం దొరికింది. దాన్ని దీనితోపాటు పెడుతున్నాను, నీ ఫిర్యాదుకి పనికొస్తుంది. మీ అమ్మ ఊపిరితిత్తుల జబ్బు దృష్ట్యా ఆమె పేరు తమ ప్రత్యేక పట్టికలో ఉందని, చలికాలం ఎలా ఉన్నారో కనుక్కోవడానికి మనిషిని పంపుతారని, బిల్లులో తగ్గింపు ఈసారి కూడా ఇస్తారని ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది. వేరే కంపెనీకి మారితే ఇవేవీ మీ వెంట రావు. ఆ వాక్యం కింద ఆమె పెన్సిలుతో గీత గీసుకుంది. మారకముందే, అంతా తెలిసే గీసుకుంది.

గావిన్, ఇప్పుడు రాసేది నేను ఎవరికీ చెప్పలేదు.

జూలైలో ఆ అట్ట పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడ్డాను. మీ అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇంటికి కరెంటు ఖాతా ఇంకా మీ నాన్న పేరు మీదే ఉంది, మార్చడానికి ఆమెకి మనసు రాలేదు. కాగితం చూసి నెమ్మదిగా అంది.

"నన్ను వదిలెయ్యరా నార్మన్. పాతవాళ్ళ దగ్గర నా పేరు రాసి ఉంది."

ఏం పేరు, ఎక్కడ రాసి ఉంది, ఎందుకు రాసి ఉంది అని అడిగి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. జబ్బని చెప్పుకోవడం ఆమెకి చిన్నతనం, తగ్గింపు తీసుకుంటున్నానని చెప్పుకోవడం అంతకన్నా చిన్నతనం. తమ్ముణ్ణి, ఆ మాత్రం నాకు తెలియాలి. నేను అడగలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా ఎప్పుడూ. వీధిలో ఐలీన్ ఉంది, ఇంకో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. నేను వాళ్ళకి వినబడేలా అన్నాను.

"మళ్ళీ ఈ ఇంటి నుంచేనా అక్కా?"

అంతే అన్నాను. ద్రోహి అనే మాట నేను అనలేదు. మన ఊళ్ళో ఆ మాట అనక్కర్లేదు.

ఆమె ముఖం చూశాను. నా చేతిలోని అట్ట అందుకుంది. కలం తీసుకుంది. మీ నాన్న పేరు పూర్తిగా, డెరిక్ హార్బటిల్ అని, బడిలో పిల్లలు రాసినట్టు ఒక్కో అక్షరం రాసింది. కాగితం నా చేతికిచ్చి అడిగింది.

"ఇప్పుడు సరిపోయిందా తమ్ముడూ?"

సరిపోయిందన్నాను. సంతోషంగా అన్నాను. ఆ కాగితం క్లబ్బులో గోడకి పెట్టి, చూశారా, డెరిక్ కూడా వరసలోకి వచ్చాడు అని నవ్వాను.

ఇంకొకటి కూడా ఉంది. దాచితే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. కంపెనీవాడు అడిగింది ముప్పై ఇళ్ళు. నేను మీ అమ్మ గుమ్మం ఎక్కేసరికే నా దగ్గర ముప్పై సంతకాలున్నాయి. ఆమె పెట్టినా పెట్టకపోయినా ఎవరికీ ఒక్క పెన్నీ తేడా వచ్చేది కాదు. ముప్పై ఒకటో సంతకం నాకు కావాలి. వీధంతా అని చెప్పుకోవడానికి నాకు కావాలి.

మీ నాన్న గురించి నీకు వీధి చెప్పిన కథే తెలుసు. బడిలో నీ పక్కన ఎవరూ కూర్చోకపోవడం తెలుసు. అసలు సంగతి మీ అమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పబోయింది, నేను విననిచ్చేవాణ్ణి కాదు. ముప్పై ఏడేళ్ళ కిందటి గని సమ్మె పదకొండో నెలలో నీకు మూడు నెలలు. నువ్వు దగ్గితే గొంతులో ఈల వేసేది. గనివాళ్ళ ఇంట్లో బొగ్గు లేదు, మాకిచ్చే బొగ్గు ఆపేశారు. మీ నాన్న కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాడు, తర్వాత మెట్ల కమ్మీలు. ఇప్పుడు నేను కూర్చున్న కుర్చీ ఒక్కటే వాటిలో మిగిలింది. అవి అయిపోయిన మర్నాడు, సమ్మె ముగియడానికి ఇరవై రెండు రోజుల ముందు, గేటు దగ్గర నిలబడ్డ మా అందరినీ దాటి పనికి లోపలికి వెళ్ళాడు. నేను ముందు వరసలో ఉన్నాను. ఉమ్మేశాను. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు, అతను పోయేదాకా, పదమూడు ఇళ్ళ అవతల ఉండి కూడా మాట్లాడలేదు.

చలికి భయపడి మీ నాన్న మమ్మల్ని దాటాడు, నువ్వు బతికావు. నాకు భయపడి మీ అమ్మ దాటలేదు.

మూడో ప్రశ్నకి జవాబు రాసి, కింద సంతకం పెట్టి, కాగితం ఇందులో పెట్టాను. ఎవరైనా ఒత్తిడి చేశారా అన్నచోట నా పేరు, ఇంటి నంబరు రాశాను. ఇది చదివి వాళ్ళు కంపెనీది తప్పు లేదంటారేమో, నీ ఫిర్యాదు చెడిపోతుందేమో అని ఆలోచించాను. కంపెనీలవి కూడా తప్పులే, గట్టిగా పోరాడు. కానీ నువ్వడిగిన ఆ ఎవడో మాత్రం నేనే. పోయిన శుక్రవారం క్లబ్బులో నిలబడి ఇదంతా చెప్పాను, మీ నాన్న కుర్చీల సంగతి కూడా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టెడ్ లేచి టోపీ తీసి మళ్ళీ కూర్చున్నాడు. గోడ మీది కాగితం నేనే పీకి తెచ్చాను. అదీ ఈ కవరులోనే ఉంది. చివరి పేరు మీ అమ్మ చేతిరాత.

మార్చి మొదట్లో మీ సరిహద్దులు తెరుస్తారని రేడియోలో విన్నాను. నువ్వు వస్తే తాళాలు ఐలీన్ దగ్గరుంటాయి. నన్ను చూడాలో వద్దో నీ ఇష్టం, నేను ఎదురుపడను. రాతి మీద మాట మాత్రం ఎవరిచేతనైనా చెప్పించు.

బాయిలరు గడియారాన్ని నేను ముట్టుకోలేదు. దాన్ని మార్చే అర్హత నాకు లేదనిపించింది. ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటున్నాను. నేను రాకపోయినా అది నాకోసం వెలుగుతుంది, ఆ సంగతి తెలిసి ఇంట్లో ఉండలేకపోతున్నాను. కోటు మాత్రం విప్పడం లేదు.

ఐదయింది. ఆగిపోయింది.

ఇట్లు,
మామయ్య అని పిలవాలో వద్దో నువ్వు తేల్చేదాకా
మీ అమ్మ తమ్ముడు,
నార్మన్